పిల్లల గుండె దడ: చూస్తూ ఆగాలా, మందు వాడాలా, అబ్లేషన్ చేయించాలా?

మా చిన్నదానికి మొదటిసారి దడ వచ్చినప్పుడు దాని వయసు 42 రోజులు. రెండు గుక్కలు తాగి పాలు వదిలేస్తోంది, మళ్ళీ ఆకలికి ఏడుస్తోంది, జనవరి చలిలో నుదురంతా చెమట. అత్తయ్యగారు దిష్టి తీశారు. దగ్గర్లో ఉన్న క్లినిక్‌లో గ్యాస్ అన్నారు, చుక్కల మందు రాశారు, ఇంటికొచ్చేశాం. మర్నాటికి ఒళ్ళు పాలిపోయి, ఎత్తుకుంటే తల వాల్చేస్తుంటే భయమేసి ఇంకో పిల్లల డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. ఆయన స్టెతస్కోప్ పెట్టారు, చేతి గడియారం చూశారు, మళ్ళీ పెట్టారు. "లెక్కకి అందట్లేదమ్మా, ముందు ఈసీజీ తీద్దాం" అన్నారు. కాగితం మీద నిమిషానికి 270.

ఎస్‌వీటీ అనే పేరు అప్పుడే విన్నాం. పూర్తిగా చెప్పాలంటే సుప్రావెంట్రిక్యులర్ టాకీకార్డియా, నాకది నోరు తిరగడానికే నెల పట్టింది. విషయం మాత్రం తేలిక. గుండెలో కరెంటు పైగదుల నుంచి కిందిగదులకి దిగే దారి ఒక్కటే ఉండాలి. కొందరికి పుట్టుకతోనే ఇంకో సన్నదారి ఉంటుంది. ఇందులోంచి దిగిన కరెంటు అందులోంచి పైకెక్కి గానుగెద్దులా తిరగడం మొదలుపెడుతుంది, ఆ తిరుగుడు తెగేదాకా దడ ఆగదు. పిల్లల్లో వైద్యం అవసరమయ్యే లయ సమస్యల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. పాపకి ఇప్పుడు పదేళ్ళు, ఈలోగా మేం మూడు దారులూ (చూస్తూ ఆగడం, మందు, తీగ పంపి ఆ సన్నదారిని కాల్చే అబ్లేషన్) తొక్కాం కాబట్టి ఏది ఎవరికి నప్పుతుందో నాకు అర్థమైనంతవరకు రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. మీ పిల్లల ఈసీజీ చూసిన డాక్టరు ఇందులో ఏ మాటనైనా కాదంటే ఆయన మాటే వినండి.

అసలు ఇది జబ్బేనా?

పిల్లల గుండె మనకన్నా వేగం, ఇది తెలియకే సగం టెన్షన్. పుట్టిన బిడ్డకి నిమిషానికి 100 నుంచి 160 మామూలే, ఏడిస్తే 180 కూడా దాటొచ్చు. బడి వయసుకి 70-110 మధ్యకి దిగుతుంది, పదిహేనేళ్ళు వచ్చేసరికి పెద్దవాళ్ళలాగే 60-100. ఊపిరి పీల్చినప్పుడు వేగం పెరిగి వదిలినప్పుడు తగ్గడం పిల్లల్లో చాలా మామూలు, చెయ్యి పట్టుకుని నాడి చూస్తే తప్పుతున్నట్టే ఉంటుంది గానీ అది ఆరోగ్యమే. మధ్యలో ఒక్క దెబ్బ ముందే పడి చిన్న ఖాళీ వచ్చినట్టుండేది కూడా, గుండె నిర్మాణం బాగుంటే చాలామందిలో దానంతటదే పోతుంది. ఈ రెండింటికీ చాలాసార్లు ఒక ఈసీజీ, అవసరమైతే ఎకో (గుండె స్కాన్) తీసి "ఏం లేదు, ఇంటికెళ్ళండి" అంటారు. అలా అంటే నమ్మండి, నాలుగు ఆసుపత్రులు తిరగక్కర్లేదు.

జ్వరంలో వచ్చే వేగానికీ ఎస్‌వీటీకీ తేడా పట్టుకోవడం ముఖ్యం. జ్వరం వేగం నెమ్మదిగా పెరుగుతుంది, బిడ్డ నిద్రపోతే తగ్గుతుంది, ఏడిస్తే పెరుగుతుంది. ఎస్‌వీటీ స్విచ్ వేసినట్టు మొదలై స్విచ్ ఆపినట్టు ఆగుతుంది, నడుమ ఏడ్చినా పడుకున్నా అంకె దాదాపు కదలదు. చంటిపిల్లల్లో సాధారణంగా 220 పైన, పెద్దపిల్లల్లో 180 పైన ఉంటుంది. చంటిది చెప్పలేదు కాబట్టి పాలు తాగకపోవడం, చెమట, పాలిపోవడం, ఎగశ్వాస, ఇవే దాని భాష. గంటల తరబడి సాగి ఒకటి రెండు రోజులు దాటితే గుండె అలిసిపోయి ఫెయిల్యూర్‌లోకి వెళ్ళగలదు, మా పాప ఆ అంచుదాకా వెళ్ళొచ్చింది.

దడ పట్టుకోవడానికి ఏ పరీక్ష?

ఇక్కడ నా అభిప్రాయం గట్టిది: దడ ఉన్నప్పుడు తీసిన ఒక్క మామూలు ఈసీజీ, దడ లేనప్పుడు చేయించిన పది ఖరీదైన పరీక్షలకన్నా మేలు. మాకు ఏడేళ్ళప్పుడు తిరగబెట్టింది. అప్పుడు మూడుసార్లు ఆసుపత్రికి వెళ్తే మూడుసార్లూ దారిలోనే ఆగిపోయింది, తీసిన ఈసీజీలన్నీ చక్కగా నార్మల్. ఒకచోట "స్కూలంటే భయమేమో, మార్కుల గురించి అడక్కండి" అని సలహా కూడా ఇచ్చారు. నాలుగోసారి పెద్ద ఆసుపత్రి ఊసెత్తకుండా ఇంటికి దగ్గర్లోని ల్యాబ్‌కి ఆటోలో ఐదు నిమిషాల్లో తీసుకెళ్ళాం, 12 లీడ్ల ఈసీజీ తీయించాం, 212 దొరికింది. కష్టంగా ఉన్న బిడ్డని మాత్రం ల్యాబ్‌కి కాదు, ఎమర్జెన్సీకే తీసుకెళ్ళాలి, ఆ తేడా మర్చిపోవద్దు.

హోల్టర్ అంటే 24 లేదా 48 గంటలు ఛాతీకి తీగలు అంటించి పంపే పెట్టె. దడ రోజూ వచ్చేవాళ్ళకి అది చాలు. నెలకోసారి వచ్చేవాళ్ళకి ఆ రెండు రోజుల్లోనే రావాలంటే లాటరీ తగిలినట్టే, మాకు తగల్లేదు. అలాంటివాళ్ళు వారం రెండు వారాలు ఉండే ప్యాచ్ గానీ, దడ వచ్చినప్పుడు బటన్ నొక్కితే రికార్డు చేసే ఈవెంట్ రికార్డర్ గానీ దొరుకుతుందేమో అడగాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు స్పృహ తప్పే పిల్లలకి చర్మం కింద పెట్టే లూప్ రికార్డర్ ఉంది, అది రెండు మూడేళ్ళపాటు కాపలా కాస్తుంది, దడ ఒక్కదానికే దాన్ని అరుదుగా పెడతారు.

స్మార్ట్‌వాచ్ గురించి అందరూ అడుగుతున్నారు, ముఖ్యంగా అమెరికాలో ఉన్న మా ఆడపడుచు. ఒంటిమీద ఉన్న వాచ్ పెద్దపిల్లల్లో దడని పట్టుకున్న సందర్భాలు ఉన్నాయి, ఆ గీత పీడీఎఫ్‌గా డాక్టరుకి చూపిస్తే పనికొస్తుంది. కానీ యాపిల్ వాచ్ ఈసీజీ 22 ఏళ్ళు నిండినవాళ్ళ కోసమే అని ఆ కంపెనీయే చెబుతుంది, అందువల్ల వాచ్ "మామూలే" అందని ఊరుకోకూడదు. మణికట్టు మీద పచ్చలైటుతో కొలిచే అంకె అయితే ఆటల్లో చెయ్యి ఊపుతుంటే తప్పడం మామూలే. వాచ్ కొనే డబ్బుతో ఒక మంచి స్టెతస్కోప్ కొనుక్కోండి, 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయడం నేర్చుకోండి. లెక్కపెట్టలేకపోతే అదే జవాబు.

దడ వచ్చిన ఆ పది నిమిషాల్లో

డాక్టరు ముందే నేర్పి ఉంటేనే ఇంట్లో ఏదైనా చెయ్యాలి. పెద్దపిల్లలకి మాకు నేర్పింది సిరంజి పద్ధతి: సూది లేని 10 మి.లీ. సిరంజి కొనని నోట్లో పెట్టుకుని, లోపలి కడ్డీ కదిలేలా 15 సెకన్లు గట్టిగా ఊదాలి, ఊదగానే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు పైకెత్తి పట్టుకోవాలి. దీనివల్ల వేగస్ నరం బిగిసి గుండె మధ్యలో కరెంటు కిందికి దిగే జంక్షన్‌ని ఒక్క క్షణం ఆపుతుంది, గానుగ తెగుతుంది. ఇలా కాళ్ళెత్తే పద్ధతి ఉత్త ఊదడం కన్నా బాగా పనిచేస్తుందని 2015లో పెద్దవాళ్ళ మీద జరిగిన రివర్ట్ ట్రయల్ చూపించింది, 100కి 17 మందికి తగ్గేది 43 మందికి తగ్గింది. అందరికీ తగ్గదని కూడా ఆ అంకెలే చెబుతున్నాయి కదా. పిల్లలకైతే గోడకి ఆనించి తలకిందులుగా నిలబెట్టడం కూడా చేయిస్తారు, మా పాపకి అది ఆటలా ఉండేది.

చంటిపిల్లలకి ఐసు సంచీ ముఖం మీద కొన్ని సెకన్లు పెడతారు, ముక్కూ నోరూ మూయకుండా. అది ఆసుపత్రిలో మానిటర్ పెట్టి చేసే పని, మీకు చేతికి ఇచ్చి నేర్పితే తప్ప ఇంట్లో వద్దు. కళ్ళు నొక్కమని ఎవరైనా చెబితే మాత్రం అస్సలు వినకండి, అది పాతకాలపు పద్ధతి, కంటిలో రెటీనా దెబ్బతింటుంది. మెడ నరం నొక్కడం కూడా మన పని కాదు.

అక్కడికీ తగ్గకపోతే ఎమర్జెన్సీలో అడినోసిన్ ఇస్తారు. తల్లిదండ్రులకి ముందుగా చెప్పరు కాబట్టి చెబుతున్నా: ఆ మందు సెకన్లలో పని చేసి సెకన్లలో పోతుంది, ఆ సెకన్లలో మానిటర్ మీద గీత చదును అయిపోతుంది. మా పాపకి అలా అయినప్పుడు నేను మంచం కమ్మీ పట్టుకుని కేక పెట్టాను. మళ్ళీ గీత లేచింది, 140. ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు ఈసీజీ కాగితం నడుస్తూ ఉండాలి, ఆ కాగితమే తర్వాత ఏ రకం ఎస్‌వీటీయో చెబుతుంది, దాని కాపీ అడిగి తీసుకోండి. పిల్లాడు నీలంగా, మగతగా ఉంటే మందు కోసం ఆగకుండా చిన్న కరెంటు షాక్ ఇస్తారు, అదీ భయపడాల్సింది కాదు. స్పృహ తప్పితే, గుండె అసలు కొట్టుకోవట్లేదనిపిస్తే 108కి ఫోన్ చేసి ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. ఈసీజీ మిషను, షాక్ మిషను ఉన్న దగ్గరి ఆసుపత్రే ఆ సమయంలో పెద్ద ఆసుపత్రి.

ఇక మూడు దారులు

చూస్తూ ఆగడం అంటే వదిలేయడం కాదు. ఏడాదికి రెండు మూడుసార్లు వచ్చి, సిరంజితో పది నిమిషాల్లో ఆగిపోయి, మధ్యలో ఈసీజీ మామూలుగా ఉండి, ఎకోలో గుండె బాగుండి, బిడ్డకి "వచ్చిందమ్మా" అని చెప్పే వయసు ఉంటే ఇది చాలా మంచి దారి. మాతోపాటు ఓపీలో కూర్చునే ఒక బాబుది అచ్చం ఇదే, పన్నెండేళ్ళవాడు, రోజూ మందు వద్దన్నాడు, వాడి నాన్నగారూ సరేనన్నారు, హాయిగా క్రికెట్ ఆడుకుంటున్నాడు. చంటిపిల్లలకి మాత్రం ఈ దారి దాదాపు లేనట్టే, దడ వచ్చిన సంగతే మనకి గంటల తర్వాతగానీ తెలియదు.

చంటిపిల్లలకి మందే ముందు. ఎందుకంటే చాలామందికి ఏడాది నిండేలోపు ఆ సన్నదారి పని మానేస్తుంది, అందాకా నెట్టుకురావడమే లక్ష్యం. ఎక్కువగా రాసేది ప్రొప్రనలాల్. డిగాక్సిన్ కూడా వాడతారు, చంటిపిల్లల్లో ఈ రెండిటినీ పోల్చి 2012లో వచ్చిన ఒక ట్రయల్‌లో దడ తిరగబెట్టడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కానీ ఈసీజీలో డబ్ల్యూపీడబ్ల్యూ (WPW, అదనపు దారి మామూలు ఈసీజీలోనే కనిపించే రకం) అని రాసి ఉంటే డిగాక్సిన్ మంచిది కాదు, మీ ఫైలులో ఆ మూడక్షరాలు ఉన్నాయో లేదో మీరే చూసుకుని కొత్త డాక్టరు ఎవరైనా సరే ముందు చెప్పేయండి.

ప్రొప్రనలాల్‌తో మాకు తెలిసొచ్చిన సంగతి రాత్రి పాలు. ఈ మందు వాడే చంటిబిడ్డ కడుపు ఖాళీగా ఎక్కువసేపు ఉంటే రక్తంలో చక్కెర పడిపోతుంది, పైగా చక్కెర తగ్గినప్పుడు వచ్చే గుండెదడ గుర్తుని ఈ మందే దాచేస్తుంది. "పడుకున్న బిడ్డని లేపకూడదు" అని అత్తయ్యగారు, లేపి పట్టాలని నేను, నెలరోజులు మా ఇంట్లో ఇదే గొడవ. చివరికి డాక్టరుగారి చేతే ఆవిడకి చెప్పించాను. వాంతులు, విరేచనాలు అయి తాగకపోతే డోసు వేసేముందు ఫోన్ చెయ్యాలి. ఆయాసం, పిల్లికూతలు ఉన్న పిల్లలకి ఈ మందు పడదు. మాకు మాత్ర పొడి చేసి కొలిచిన నీళ్ళలో కలిపి సిరంజితో పొయ్యమన్నారు, ఆ కొలత రోజూ ఒకే మనిషి చేస్తే తప్పులు తగ్గుతాయి.

దీనికి లొంగకపోతే ఫ్లెకనైడ్, సోటలాల్, అమియోడరోన్ వంటివి. ఇవి ఎక్కువగా ఆసుపత్రిలో ఉంచి ఈసీజీలు తీస్తూ మొదలుపెడతారు. ఫ్లెకనైడ్‌ని పాలు ఒంటికి పట్టనివ్వవు, పాల డబ్బా మార్చినా, పాలు మాన్పించినా డాక్టరుకి చెప్పాలి. అమియోడరోన్ బలమైనదే గానీ థైరాయిడ్‌ని చూసుకుంటూ ఉండాలి, అందుకే దాన్ని చివరికి దాచిపెడతారు.

అబ్లేషన్ దగ్గరే అందరూ ఆగిపోతారు. తొడ దగ్గరి నరంలోంచి సన్నటి తీగలు గుండెలోకి పంపి, అదనపు దారి ఎక్కడుందో వెతికి, అక్కడ ఒక మినపగింజంత చోటు కాల్చడం లేదా చలితో గడ్డకట్టించడం. కోత ఉండదు, కుట్లు ఉండవు. నైపుణ్యం ఉన్నచోట మామూలు ఎస్‌వీటీలో విజయం 100కి 90 దాటి 95 దాకా ఉంటుంది. జబ్బు పోతుంది, మందూ పోతుంది, ఇంకే దారికీ లేని లాభం ఇది. నష్టం ఏమిటంటే ఆ అదనపు దారి అసలు జంక్షన్‌కి ఆనుకుని ఉంటే జంక్షన్ కూడా దెబ్బతిని జీవితాంతం పేస్‌మేకర్ పెట్టాల్సి రావచ్చు. నూటికి ఒకరికో ఇంకా తక్కువమందికో జరిగేది, కానీ సంతకం పెట్టేటప్పుడు ఆ ఒక్కరు మన బిడ్డేమో అనిపిస్తుంది.

ఇక్కడే వేడికీ చలికీ పోలిక. వేడితో చేసే రేడియోఫ్రీక్వెన్సీ గట్టిగా పనిచేస్తుంది, తిరగబెట్టడం తక్కువ. చలితో చేసే క్రయోలో ముందు కొంచెమే చల్లబరచి చూస్తారు, జంక్షన్ మందగిస్తే వెంటనే ఆపేస్తే మళ్ళీ కోలుకుంటుంది, అందుకని భద్రం ఎక్కువ, కానీ కొన్నాళ్ళకి దడ తిరిగొచ్చే అవకాశం కూడా ఎక్కువ. జంక్షన్ పక్కన ఉంటే నేను చలికే ఓటేస్తాను, రెండోసారి చేయించుకోవడం పేస్‌మేకర్ కన్నా నయం. దారి దూరంగా, ఎడమవైపు ఉంటే వేడే మేలు అని మా డాక్టరు చెప్పారు, మా పాపది అదే.

వయసు విషయంలో తొందరపడొద్దు. మందులకి లొంగక గుండె బలహీనపడుతుంటే తప్ప 15 కిలోల లోపు పిల్లలకి సాధారణంగా వాయిదా వేస్తారు, నరాలు సన్నం, గుండె చిన్నది, చిన్నప్పుడు కాల్చిన మచ్చ గుండెతోపాటు పెరగొచ్చు. మేం ఏడేళ్ళప్పుడు సిరంజితో మొదలుపెట్టాం, నెలకి మూడుసార్లు అయ్యేసరికి మందుకి మారాం, మందుతో పాప క్లాసులో తూగుతోందని టీచర్ చెప్పింది, తొమ్మిదేళ్ళప్పుడు పాపే "నాకు ఆ తీగ పెట్టించెయ్యమ్మా" అంది. మూడు గంటలు పట్టింది. ఆ తర్వాత కాలు కదపకుండా ఆరు గంటలు పడుకోబెట్టాలి, ఆపరేషన్ కన్నా అదే పెద్ద కష్టం. ట్యాబ్‌లో కార్టూన్లు నింపుకుని వెళ్ళండి.

ఈ పోలిక వర్తించనివాళ్ళు

పరిగెడుతూ గానీ, ఈదుతూ గానీ, అలారం మోగి ఉలిక్కిపడి గానీ స్పృహ తప్పే పిల్లల్ని ఈ మూడు దారుల లెక్కలో పెట్టకండి. అది లాంగ్ క్యూటీ (దెబ్బ పడ్డాక గుండె కరెంటు సర్దుకోవడానికి ఎక్కువసేపు పట్టే, ప్రాణం మీదికి తేగల జబ్బు) లాంటిది కావచ్చు, ఫిట్స్ అనుకుని ఏళ్ళ తరబడి ఫిట్స్ మందు వాడినవాళ్ళు ఉన్నారు. మన దగ్గర మేనరికాలు ఎక్కువ కాబట్టి ఇంకో మాట: పుట్టుచెవుడు, స్పృహ తప్పడం కలిసి ఉండే జెర్వెల్ లాంగ్-నీల్సన్ అనే రకం ఉంది, అమ్మానాన్నలిద్దరి నుంచీ లోపం వస్తేనే వస్తుంది, రక్తసంబంధంలో పెళ్ళిళ్ళయిన ఇళ్ళలో అవకాశం ఎక్కువ. పుట్టుకతో వినపడని పిల్లలకి ఒక్కసారైనా ఈసీజీ తీయించండి, ఖర్చు కొన్ని వందలు. లాంగ్ క్యూటీ అని తేలితే వాంతులకి మామూలుగా రాసే డోంపెరిడోన్, ఆన్‌డాన్‌సెట్రాన్, దగ్గుకి రాసే అజిత్రోమైసిన్ కూడా ప్రమాదమే, మెడికల్ షాపులో అడిగి కొనేసే అలవాటు మానుకోవాలి.

గుండె మరీ నెమ్మదిగా కొట్టుకునేది ఇంకో కథ. తల్లికి లూపస్ (ఒంటి రక్షణశక్తి ఒంటి మీదే దాడి చేసే జబ్బు) గానీ, రక్తంలో యాంటీ-రో యాంటీబాడీలు గానీ ఉంటే కడుపులో బిడ్డకే జంక్షన్ దెబ్బతినొచ్చు, గర్భం 18 నుంచి 24 వారాల మధ్య స్కానులో ఎక్కువగా బయటపడుతుంది. అక్కడ ఎంపిక పేస్‌మేకర్ ఎప్పుడు అన్నదే. గుండె ఆపరేషన్ అయిన పిల్లలకి దడ వచ్చినా, ఇంట్లో నలభై లోపు ఎవరైనా హఠాత్తుగా పోయి ఉన్నా అంతే, సిరంజి ప్రయోగాలు వద్దు, నేరుగా డాక్టరే. డబ్ల్యూపీడబ్ల్యూ ఉన్న పిల్లలకి దడ రాకపోయినా పెద్దయ్యాక ఆ అదనపు దారి ఎంత ప్రమాదమో కొలిచి చూస్తారు, "దడ లేదు కదా" అని మానేయకండి.

ఎక్కడికి వెళ్ళాలి, డబ్బు సంగతి

పిల్లల కార్డియాలజిస్టు వేరు, గుండె కరెంటు పని చేసే ఎలక్ట్రోఫిజియాలజిస్టు వేరు. మందులకి మొదటివారు చాలు. అబ్లేషన్‌కి రెండోవారు కావాలి, అందులోనూ పిల్లలకి తరచుగా చేసేవారు. తిరుపతిలో టీటీడీ 2021లో పెట్టిన పద్మావతి చిన్నపిల్లల హృదయాలయంలాంటి పిల్లల గుండె ఆసుపత్రులు ఇప్పుడు మనకి ఉన్నాయి, అయినా ఏ ఆసుపత్రిలో ఏది చేస్తారో ఫోన్లో అడిగే బయల్దేరండి. బడిలో, అంగన్‌వాడీలో ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) బృందం పరీక్ష చేసినప్పుడు దడ విషయం చెబితే పైకి రిఫర్ చేస్తారు, అది ఉచితం. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకి పెంచారు, ఆంధ్రలో అదే పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. అబ్లేషన్ వస్తుందా, వస్తే వేడికేనా చలికి కూడానా, త్రీడీ మ్యాపింగ్ (అదనపు దారిని వెతకడానికి కంప్యూటర్ గీసే గుండె పటం) ఖర్చు మన మీద పడుతుందా అని అక్కడ కూర్చునే ఆరోగ్యమిత్రని అడిగి, కుదిరితే కాగితం మీద రాయించుకోండి. మాకు ఇన్సూరెన్స్ వాళ్ళు పుట్టుకతో వచ్చిన జబ్బని మొదట కాదన్నారు, దడ ఉన్న ఈసీజీలన్నీ తేదీలవారీగా పెట్టి మళ్ళీ రాస్తే రెండో నెలకి ఒప్పుకున్నారు.

డాక్టరు ముందు కూర్చున్నాక మూడు ప్రశ్నలు చాలు. మా బిడ్డకి అదనపు దారి ఎక్కడుంది, జంక్షన్‌కి ఎంత దగ్గర? ఈ వయసులో ఆగితే తగ్గే అవకాశం ఉందా? పోయిన ఏడాది మీరు ఇంత చిన్నపిల్లలకి ఎన్ని అబ్లేషన్లు చేశారు? మూడోది అడగడానికి మా ఆయన మొహమాటపడ్డారు, నేనే అడిగాను. ఆ డాక్టరుగారు ఏమీ అనుకోలేదు, డ్రాయర్లోంచి డైరీ తీసి లెక్కపెట్టి చెప్పారు.